కర్నూలు నుంచి లడఖ్, ఆ తర్వాత స్పాన్సర్ యాత్ర: ఏ బండి కొనాలి?

తమ్ముడు కర్నూలు నుంచి అడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు 26, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, ఇప్పుడు నడిపేది 150 సీసీ బండి. చేతిలో 4 లక్షలున్నాయి. వచ్చే వేసవిలో లడఖ్, మరుసటి ఏడు నేపాల్, ఆపైన ఏదైనా కంపెనీ స్పాన్సర్ చేస్తే విదేశాలు. "హిమాలయన్ 450 తీసుకోవాలా, కేటీఎం 390 అడ్వెంచర్ తీసుకోవాలా? పెద్ద బండి ఉంటేనే స్పాన్సర్లు మొహం చూస్తారంటున్నారు, నిజమేనా అన్నా?"

ముందు జవాబు చెప్పేస్తా. ఆ 4 లక్షలే నీ దగ్గరున్న మొత్తం డబ్బయితే ఇప్పటికి రెండూ వద్దు. హీరో ఎక్స్‌పల్స్ 210 తీసుకో. మట్టిదారుల మీద పెద్దగా మోజు లేదు, తారురోడ్డే ఎక్కువ అనుకుంటే సుజుకి వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ తీసుకో. మిగిలిన డబ్బు దారికి ఉంచుకో. ఇక స్పాన్సర్ల మాట. బండిని చూసి ఎవరూ డబ్బివ్వరు. నువ్వు తిరిగిన దారులు, వాటిని నలుగురికీ చూపించిన తీరు చూసి ఇస్తారు. ఇచ్చేటప్పుడు ఏ బండో కూడా చాలాసార్లు వాళ్లే తేలుస్తారు.

అనంతపురంలో నాకు షెడ్డుంది. దూరప్రయాణాలకు బళ్లు తయారుచేసి పంపడం, తిరిగొచ్చాక వాటిని విప్పి ఏది అరిగింది, ఏది విరిగింది చూడటం నా రోజువారీ పని. ఏటా నేను కూడా ఉత్తరానికి పోతుంటాను. కింద రాసేదంతా ఆ బళ్లు నాకు చూపించినదే.

బండి పడిపోయే రోజును దృష్టిలో పెట్టుకుని ఎంచుకోవాలి. షోరూంలో అందరూ నడిచే బండిని చూస్తారు. హార్స్‌పవర్ ఎంత, స్క్రీన్ ఎంత పెద్దది, ఎన్ని మోడ్‌లున్నాయి అని అడుగుతారు. లడఖ్‌లో, జన్‌స్కార్‌లో, స్పితిలో బండి పడుతుంది. నీళ్లు పారే నాలాలో గుండ్రాయి మీద ముందు చక్రం జారితే ఎంత అనుభవజ్ఞుడికైనా పడుతుంది. 4,500 మీటర్ల ఎత్తులో నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వస్తుంది. అక్కడ ఆ బండిని ఒక్కడివే ఎత్తాలి. హిమాలయన్ 450 బరువు 196 కిలోలు. దాని మీద బ్యాగులు, టూల్స్, నీళ్లు, పెట్రోల్ డబ్బా కలిపి ఇంకో 30 కిలోలు వేసుకో. ఎక్స్‌పల్స్ 210 దాదాపు 170 కిలోలు, వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ 167. పాతిక, ముప్పై కిలోల తేడా కాగితం మీద చిన్నదే. మోకాళ్ల లోతు చల్లటి నీళ్లలో నిలబడి, మూడోసారి ఎత్తాల్సి వచ్చినప్పుడు అదే అన్నిటికంటే పెద్ద తేడా.

ఆదోని నుంచి ఇద్దరు స్నేహితులు నా దగ్గర బళ్లు సిద్ధం చేయించుకుని జన్‌స్కార్ పోయారు. ఒకరిది పెద్ద బండి, ఒకరిది చిన్నది. కొండల్లో నాలాలు పొద్దున సన్నగా పారతాయి, ఎండ పెరిగేకొద్దీ మంచు కరిగి మధ్యాహ్నానికి ఉధృతమవుతాయి. వాళ్లు ఆలస్యంగా చేరుకున్న నాలాలో రెండు బళ్లూ పడ్డాయి. చిన్నదాన్ని దాని ఓనరే లేపి గట్టెక్కించాడు. పెద్దదాన్ని లేపడానికి ఇద్దరూ కలిసినా చాలక, లారీ వచ్చేదాకా ఆగారు. ఈలోగా సైలెన్సర్ నుంచి, ఎయిర్ ఫిల్టర్ నుంచి నీళ్లు ఇంజిన్‌లోకి పోయాయి. తప్పు బండిది కాదు. అది మంచి బండే, కానీ ఒంటరి మనిషికి ఆ చోట బరువైపోయింది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజిన్ బలం తగ్గుతుంది. లేహ్ దగ్గరి ఖర్దుంగ్‌లా కనుమ ఎత్తు 5,359 మీటర్లు (లా అంటే కనుమ). అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు సగమే. అంటే ఏ బండికైనా బలం దాదాపు సగానికి పడుతుంది. హిమాలయన్ 450కి ఉన్న 40 హార్స్‌పవర్లో 20 మిగిలినా బండి లాక్కుపోతుంది. ఎక్స్‌పల్స్‌కు ఉన్న 24లో 12 మిగిలితే మొదటి గేరులో ఓపిగ్గా ఎక్కాల్సిందే. ఒక్కడివే, లగేజీ అదుపులో ఉంటే ఎక్కుతుంది, అనుమానం లేదు. వెనక మనిషి కూర్చుంటే మాత్రం నా సలహా మారుతుంది: అప్పుడు 450 తీసుకో, లేదా ఆ ప్రయాణం ఒక ఏడాది వాయిదా వేసుకో. ఇద్దరు మనుషులు, ఇద్దరి సామాను వేసుకుని 200 సీసీ బండి మీద చాంగ్‌లా ఎక్కడం బండికీ బాధే, మనిషికీ బాధే.

ఎక్స్‌పల్స్ తీసుకుంటే ముందు స్ప్రాకెట్, అంటే చైను తిప్పే పళ్ల చక్రం, ఒక పన్ను తక్కువది కొని సంచీలో వేసుకో. వేగం కొంచెం తగ్గి, ఎక్కే లాగుడు పెరుగుతుంది. కర్నూలులో మార్చకు. 44వ నంబరు హైవే మీద వేల కిలోమీటర్లు ఊరికే ఇంజిన్ అరుపు వింటావు. లేహ్ చేరాక మార్పించు. 2021లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు రెండు హిమాలయన్ బళ్లను దక్షిణ ధ్రువానికి నడిపించారు. అప్పుడు చేసిన ముఖ్యమైన మార్పుల్లో ఒకటి ఇదే: ముందు స్ప్రాకెట్‌ను 15 పళ్ల నుంచి 13కు తగ్గించారు. దాంతోపాటు ట్యూబ్‌లెస్ చక్రాలకు మేకుల టైర్లు వేశారు, వేడినిచ్చే బట్టలకు కరెంటు చాలాలని కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బలమైనది పెట్టారు. ఇంజిన్‌ను పెద్దది చేయలేదు. యాత్రకు బండిని తయారుచేయడమంటే ఇలాంటి పనులే.

డబ్బు లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. 350 సీసీ లోపు బళ్లకు 28 నుంచి 18 శాతానికి తగ్గింది, 350 దాటిన వాటికి 40 శాతమైంది. అందుకే హిమాలయన్ 450 ప్రియమైంది, ఎక్స్‌పల్స్ 210, వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ చవకయ్యాయి. హిమాలయన్ 450 ఎక్స్-షోరూం ధరే 3 లక్షలు దాటింది. లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు, క్రాష్ గార్డు, లగేజీ స్టాండు కలిపితే నీ 4 లక్షలు షోరూం గుమ్మం దాటకముందే అయిపోతాయి. ఎక్స్‌పల్స్, వీ-స్ట్రామ్ రెండూ ఎక్స్-షోరూంలో 2 లక్షల లోపు. ఆ మిగిలే డబ్బులో 35, 40 వేలు మంచి హెల్మెట్‌కు, జాకెట్‌కు, ప్యాంటుకు, బూట్లకు, గ్లౌజులకు పెట్టు. ఇందులో పిసినారితనం వద్దు. చీలమండ దాటి పైకొచ్చే బూట్లు లేకుండా నా షెడ్డు నుంచి ఎవరినీ లడఖ్‌కు పంపను. బ్యాగులు, స్పేర్లు, టైర్లకు ఇంకో 30 వేలు. పెట్రోల్ సంగతి చూస్తే, పోను రాను లోపల తిరుగుడు కలిపి 7 వేల కిలోమీటర్లు అనుకో. లీటరుకు 35 వచ్చినా 200 లీటర్లు, అంటే 20 వేల పైమాట. బస, తిండి వేరే. అప్పు చేసి పెద్ద బండి కొని, ఈఎంఐ కట్టడానికి సెలవు పెట్టలేక, ఆ బండిని కొండారెడ్డి బురుజు చుట్టూ తిప్పుకుంటున్న కుర్రాళ్లను నేను చాలామందినే చూశాను. నువ్వు అలా కాకూడదనే ఇంత వివరంగా చెప్తున్నా.

సెకండ్ హ్యాండ్ పనికిరాదా అంటే, పనికొస్తుంది. పాత హిమాలయన్ 411 మన జిల్లాల్లో బాగానే దొరుకుతుంది. 15 లీటర్ల ట్యాంకు, మెత్తటి సస్పెన్షన్, తక్కువ స్పీడులో మంచి లాగుడు. బరువు మాత్రం 450కి దగ్గరే. 2016లో కార్బురేటర్‌తో వచ్చిన తొలి బళ్ల జోలికి పోకు, ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాకవే చూడు. కార్బురేటర్ బండి ఎత్తుకు పోయాక గాలి తగ్గి, పెట్రోల్ ఎక్కువై నల్లపొగ కక్కుతుంది. ఇంజెక్షన్ బండి గాలి ఒత్తిడి కొలిచి తనంతట తానే సర్దుకుంటుంది. కొనేముందు స్టీరింగ్ బేరింగులు, హెడ్ దగ్గర ఫ్రేము, వెనక లింకేజీ బుష్‌లు చూపించుకో.

కేటీఎం 390 గురించి ఒక్క మాట. కొత్తది 399 సీసీ, 46 హార్స్‌పవర్. నడిపితే దిగాలనిపించదు. వేగం ఇష్టపడి, డబ్బుండి, సర్వీసు ఉన్న ఊళ్ల మీదుగా పోయేవాడికి అది సరైన బండి. నీ దారికి, నీ సంచీకి కాదు.

ట్యాంకు. మనాలి నుంచి లేహ్ పోయే దారిలో తాండి బంకు దగ్గర "తర్వాతి బంకు 365 కిలోమీటర్లు" అన్న బోర్డు బైకర్లందరికీ తెలుసు. నీ బండి ట్యాంకు ఆ దూరాన్ని ఎత్తులో, లగేజీతో దాటగలగాలి. ఎక్స్‌పల్స్ 13 లీటర్లు, వీ-స్ట్రామ్ 12, కేటీఎం 14.5, హిమాలయన్ 450 అయితే 17. మైలేజీతో గుణిస్తే నాలుగూ దాదాపు ఒకే దూరం పోతాయి, చిన్న ఇంజిన్ తక్కువ తాగుతుంది కాబట్టి. అయినా హాన్లే, ఉమ్లింగ్‌లా వైపు పోయేటప్పుడు 5 లీటర్లు అదనంగా పెట్టుకో. ఉమ్లింగ్‌లా 19,024 అడుగులు. అక్కడ పెట్రోల్ అయిపోతే అడగడానికి మనిషి దొరకడు. ఆ అదనపు పెట్రోల్ నీళ్ల సీసాలో వద్దు, దానికోసం చేసిన డబ్బాలోనే తీసుకుపో.

టైర్ల దగ్గర చాలా వాదనలు జరుగుతాయి. ఎక్స్‌పల్స్‌కు ముందు 21, వెనక 18 అంగుళాల స్పోక్ చక్రాలు, ట్యూబు టైర్లు. గుంటలో, రాళ్లలో 21 అంగుళాల చక్రం పైకెక్కి పోతుంది, 19 అంగుళాలది తగులుకుంటుంది. వీ-స్ట్రామ్‌వి 19, 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్. మేకు దిగితే దారి పక్కనే పదినిమిషాల్లో ప్లగ్ వేసి పోవచ్చు. కానీ రాయికి గట్టిగా కొడితే అల్లాయ్ చక్రం పగులుతుంది, స్పోక్ చక్రం వంగుతుంది. వంగినదాన్ని పల్లెలో కూడా సుత్తితో సరిచేసుకుని కదలొచ్చు. స్పోక్ బండి తీసుకునేవాడు తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది: చక్రం విప్పి, టైరు ఊడదీసి, ట్యూబు మార్చి తిరిగి ఎక్కించడం ఇంటి దగ్గరే నేర్చుకో. సెంటర్ స్టాండు లేని బండిని రాయి మీద ఎలా ఆనించాలో కూడా ఆ పనిలోనే తెలుస్తుంది. రెండు ట్యూబులు మోయలేకపోతే 21 అంగుళాల ట్యూబు ఒకటి పెట్టుకో. గత్యంతరం లేనప్పుడు దాన్ని వెనక చక్రంలో కూడా మడిచి పెట్టి తర్వాతి ఊరిదాకా పోవచ్చు.

మన ఊళ్లు ఇలాంటి బళ్లను పరీక్షించడానికి చాలా మంచి చోటు, ఇది ఇక్కడివాళ్లకే సరిగా తెలియదు. కొన్న తర్వాత లడఖ్ దాకా ఆగకు. మే నెలలో పూర్తి లగేజీతో కర్నూలు నుంచి నంద్యాల, కడప మీదుగా గువ్వలచెరువు ఘాటు ఎక్కి రాయచోటి దాకా పో. 42 డిగ్రీల ఎండలో లారీల వెనక ఘాటెక్కుతుంటే రేడియేటర్ ఫ్యాను ఎంతసేపు తిరుగుతుంది, కాళ్లకు వేడి ఎంత తగులుతుంది, నీ సీటు మూడో గంటకు ఏం చెప్తుంది, అన్నీ తేలిపోతాయి. ఎండ దాటాక వానాకాలంలో కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి దారుల్లోకి దిగు. రేగడి మట్టి ముందు చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ముద్దలా ఇరుక్కుని చక్రాన్ని బిగించేస్తుంది. చక్రానికి ఆనుకుని ఉండే మడ్‌గార్డు ఉన్న బళ్లు ఒక ఫర్లాంగు కూడా పోలేవు. ఎక్స్‌పల్స్‌కు పైనొక ముక్కులాంటి మడ్‌గార్డు ఎందుకుంటుందో ఆ రోజు అర్థమవుతుంది. ఇసుక కావాలంటే పెన్న ఉంది, చిత్రావతి ఉంది. రాళ్ల దారి కావాలంటే ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు నాపరాళ్ల క్వారీల పక్కన తిరిగే బండి బాటలు చాలు. మనాలి-లేహ్ దారిలోని మోరే మైదానంలో ఇసుక చూసి బిత్తరపోయేవాడు పెన్నలో ముందే పడి లేచి ఉంటే అక్కడ నిలబడి నడిపేస్తాడు.

ఇంకో పరీక్ష ఇంటి ముందే చేసుకో. మొత్తం సామాను కట్టి, స్నేహితుణ్ణి పక్కన నిలబెట్టుకుని, బండిని మెల్లగా నేలకు పడుకోబెట్టు. ఎవరి సాయం లేకుండా లేపు. మళ్లీ అటువైపు పడుకోబెట్టి లేపు. రెండోసారి లేవకపోతే సామాను తగ్గించు. అప్పటికీ లేవకపోతే ఆ బండి నీకు సరిపడదు.

సీటు ఎత్తు గురించి నువ్వు అడగలేదు గానీ 5 అడుగుల 6 అంగుళాలు అన్నావు కాబట్టి చెప్తున్నా. ఎక్స్‌పల్స్ 210 సీటు 830 మిల్లీమీటర్లు, హిమాలయన్ 450 సీటు 825, వీ-స్ట్రామ్ 835. ఈ అంకెలు చూసి భయపడకు. సీటు ముందు భాగం ఎంత సన్నగా ఉంది, నువ్వు కూర్చుంటే సస్పెన్షన్ ఎంత దిగుతుంది అన్నవే లెక్క. కడపలో ఒక టీచరమ్మకు ఎక్స్‌పల్స్ సిద్ధం చేశాను. ఆమె నీకంటే పొట్టి. సీటు ఫోము పక్కలు కొంచెం చెక్కించి, వెనక స్ప్రింగు ఆమె బరువుకు సరిచేస్తే సరిపోయింది. రెండు పాదాలూ పూర్తిగా ఆనక్కర్లేదు, ఒక పాదం గట్టిగా ఆని, దిగి పక్కకు జరగగలిగితే చాలని చెప్పి, ఖాళీ స్థలంలో అదే పని చేయించాను. ఆమె స్పితి వెళ్లొచ్చారు. లింకు ప్లేట్లు వేసి బండిని కిందికి దించడం మాత్రం నేను చేయను. గ్రౌండ్ క్లియరెన్స్ పోతుంది, సైడ్ స్టాండు మీద బండి నిలబడదు.

రిపేర్ల విషయంలో ఒకటే సూత్రం పెట్టుకున్నాను: దారిలో దొరకనిది వెంట ఉండాలి, దొరికేది మోయకూడదు. క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, బ్రేకు లివరు, క్లచ్ లివరు, బ్రేకు ప్యాడ్లు, చైను లింకు, ఫ్యూజులు, స్పార్క్ ప్లగ్గు వెంట ఉండాలి. కొత్త క్లచ్ కేబుల్‌ను పాతదాని పక్కనే కట్టి బిగించి పెడితే, తెగిన రోజు రెండు కొసలు మారిస్తే చాలు. ఆయిలు ఎక్కడైనా దొరుకుతుంది. 44వ నంబరు హైవే హైదరాబాద్, నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, జమ్మూ మీదుగా శ్రీనగర్‌కు పోతుంది. నీ ఇంటి దగ్గర ఎక్కిన రోడ్డే అది. ఆ దారి పొడవునా హీరో సర్వీసు లేని ఊరు అరుదు. ఇది ఎక్స్‌పల్స్‌కు పెద్ద బలం. అయితే ఎక్స్‌పల్స్‌కు మాత్రమే వచ్చే భాగాలు చిన్న డీలర్ల దగ్గర ఉండవు, అవి ముందే ఆర్డరు పెట్టి తెప్పించుకో.

లగేజీ స్టాండు విరగడం నేను ఎక్కువగా చూసే నష్టం. మన వెల్డింగు షాపులో చేయించిన బరువైన స్టాండు, దానికి రెండువైపులా ఇనుప పెట్టెలు, గుంటల్లో ఆ బరువు ఊగుతూ ఫ్రేము వెనక భాగాన్నే విరిచేస్తుంది. మెత్తటి బ్యాగులు వాడు. ఒకవేళ దారిలో వెల్డింగు చేయించాల్సి వస్తే ముందు బ్యాటరీ వైర్లు పీకి, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, కనెక్టరు కూడా తీసేయించు. కరెంటు వెల్డింగు ఏబీఎస్‌నూ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసేది) ఈసీయూనూ కాల్చేయగలదు. ఆ తర్వాత ఆ బండి లారీలోనే రావాలి.

ఇక స్పాన్సర్ల దగ్గరికొద్దాం. ఇక్కడ కుర్రాళ్లలో చాలా అపోహలున్నాయి.

పెద్ద పేరున్న మనుషులకు కూడా కోరుకున్న బండి దొరకదు. 2004లో నటులు ఇవాన్ మెక్‌గ్రెగర్, చార్లీ బూర్మన్ లండన్ నుంచి తూర్పుగా న్యూయార్క్ దాకా పోదామనుకున్నప్పుడు వాళ్ల మనసు కేటీఎం మీద ఉంది. ఆ కంపెనీ కాదంది. బీఎండబ్ల్యూ ముందుకొచ్చి తన పెద్ద జీఎస్ బళ్లిచ్చింది. వాళ్లు వాటి మీదే పోయారు. మంగోలియాలో వాళ్ల కెమెరామన్ బండి దెబ్బతింటే అక్కడే రష్యా తయారీ ఇజ్ బండి ఒకటి చవగ్గా కొనుక్కుని ముందుకు సాగాడు. అంత మద్దతు, అంత డబ్బు వెనకున్న యాత్రలో కూడా అవసరానికి ఆదుకుంది ఆ ఊళ్లో బాగుచేయగలిగే బండి. 1973లో పాత్రికేయుడు టెడ్ సైమన్ ఒక పత్రిక అండతో ప్రపంచం చుట్టూ బయల్దేరింది 500 సీసీ ట్రయంఫ్ మీద. నాలుగేళ్లు తిరిగాడు. మన దగ్గర చూస్తే 2018లో హైదరాబాద్ నుంచి జై భారతి నాయకత్వంలో నలుగురు మహిళలు మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగొచ్చారు. ఆ యాత్రకు తెలంగాణ పర్యాటక శాఖ అండగా నిలిచింది. వాళ్లు చూపించింది ఒక ఆలోచన, ఒక దారి, దాన్ని పూర్తి చేయగల నమ్మకం.

నీకు మొదట్లో ఏ కంపెనీ బండి ఇవ్వదు. టైర్లు, బ్యాగులు, ఇంజిన్ ఆయిలు, రైడింగు బట్టలు అమ్మేవాళ్లు ముందు స్పందిస్తారు. స్థానికంగా ఉండే డీలరు ఒక సర్వీసు ఉచితంగా చేస్తానంటాడు. అక్కడ మొదలుపెట్టు. వాళ్లను అడిగేముందు నీ దగ్గర చూపించడానికి ఉండాలి. గండికోట, బెలుం, అహోబిలం, లేపాక్షి, తిమ్మమ్మ మర్రిమాను ఇవన్నీ నీకు ఒక రోజు దూరంలో ఉన్నాయి. వాటికి పోయే దారుల గురించి తెలుగులో సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. ఏ రోడ్డు ఎలా ఉంది, వానలో ఏ వాగు పొంగుతుంది, రాత్రి ఎక్కడ ఆగొచ్చు అని రెండేళ్లు నిలకడగా చూపించు. స్పాన్సర్ అడిగే ప్రశ్న ఇదే: ఈ మనిషి చెప్పిన పని చెప్పిన రోజుకు చేస్తాడా?

ఒప్పుకున్నాక కాగితం మీద రాయించుకోవాల్సినవి కొన్నున్నాయి. టైర్ల ఎంపిక నీదా, వాళ్లదా అన్నది అందులో ముఖ్యం. నాకు తెలిసిన ఒక బృందానికి కంపెనీ వాళ్లు బళ్లతోపాటు గుండీల టైర్లు (మట్టిలో పట్టు కోసం ఎత్తైన రబ్బరు ముద్దలున్నవి) వేసి ఇచ్చారు, ఫొటోల్లో బాగుంటాయని. మన ఎండలో, కాంక్రీటు హైవే మీద, ఉత్తరానికి చేరేలోపే వెనక టైరు గుండీలు సగం అరిగిపోయాయి. మట్టిదారి మొదలయ్యేసరికి అవి మామూలు టైర్లయ్యాయి. హైవే ఎక్కువున్న దారికి సగం తారు, సగం మట్టికి పనికొచ్చే టైర్లు కావాలి. గుండీలవి కావాలంటే లేహ్‌కు పార్సిల్ పంపి అక్కడ మార్చుకోవాలి. ఇది ఒప్పందంలో ఉంటేనే జరుగుతుంది.

రెండోది, ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంటుంది? కంపెనీ పేరు మీద ఉన్న బండిని నువ్వు నడుపుతుంటే అధికారపత్రం ఒరిజినల్ చేతిలో ఉండాలి. నేపాల్ సరిహద్దులో భన్సార్, అంటే అక్కడి కస్టమ్స్ రుసుము, కట్టేటప్పుడు అడుగుతారు. లడఖ్‌లో కూడా బయటి నుంచి అద్దె బళ్లు తెచ్చి తిరగనివ్వరు, కాబట్టి బండి నీది కాదంటే ఆపి ప్రశ్నిస్తారు. అలాగే ప్రమాదం జరిగితే బండి నష్టం ఎవరిది, నీ ఆసుపత్రి ఖర్చు ఎవరిది, నువ్వు తీసిన వీడియోలు ఎన్నాళ్లు ఎవరు వాడుకుంటారు, మధ్యలో ఆపేయాల్సి వస్తే డబ్బు వెనక్కివ్వాలా, ఇవన్నీ రాతలో ఉండాలి. వాతావరణం బాగోలేదని ఆగే హక్కు నీకుందని ఒక వాక్యం తప్పకుండా రాయించు. నేనైతే ఆ వాక్యం లేని ఒప్పందం మీద సంతకం చేయొద్దనే చెప్తాను, ఎంత డబ్బిచ్చినా సరే.

విదేశాల విషయంలో బండి ఎంపికను తేల్చేది కార్నెట్. బండిని ఒక దేశంలోకి తాత్కాలికంగా తీసుకుపోయి, అమ్మకుండా తిరిగి తెస్తానని ఇచ్చే హామీపత్రం అది. ఆటోమొబైల్ అసోసియేషన్ ద్వారా తీసుకోవాలి. నేపాల్, భూటాన్‌కు అక్కర్లేదు. ఇరాన్, ఆస్ట్రేలియా లాంటి చోట్లకు కావాలి. దానికి కట్టే పూచీ మొత్తం బండి విలువ మీద, నువ్వు పోయే దేశాల మీద ఆధారపడుతుంది. అంటే బండి ఎంత ఖరీదైతే అంత డబ్బు నెలల తరబడి ఇరుక్కుంటుంది. పైగా ఇక్కడి నుంచి నేల మీద బయటికి పోయే దారులు తక్కువ. 2021 సైనిక పాలన తర్వాత మయన్మార్ దారి కష్టమైంది, పాకిస్తాన్ దారి మూసుకుపోయింది, చైనాలోకి ఏజెన్సీ, గైడు లేకుండా సొంత బండితో పోలేం. అందుకని చాలామంది ఓడ మీదో, కఠ్మాండూ నుంచి బ్యాంకాక్‌కు విమానంలోనో బండిని పంపుతారు. విమానంలో పెట్టె కొలతను, బరువును బట్టి వసూలు చేస్తారు. చిన్న బండి అక్కడా డబ్బు మిగులుస్తుంది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మాత్రం కర్నూలు ఆర్టీవో ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. వీసా పని మొదలయ్యాకే తీసుకో, ముందే తీసుకుంటే గడువు వృథా.

నీకు లడఖ్‌కు నేను చెప్పే దారి శ్రీనగర్ మీదుగా. జోజిలా 3,528 మీటర్లు, ఫోటులా 4,108 మీటర్లు. ఎత్తు మెల్లమెల్లగా పెరుగుతుంది, ఒళ్లు అలవాటు పడుతుంది. లేహ్‌లో రెండు రోజులు కదలకుండా పడుకో. తిరుగు ప్రయాణం మనాలి మీదుగా రా, అటల్ సొరంగం వచ్చాక రోహ్‌తాంగ్ ఎక్కే పని లేదు.

ఈ నెలలోనే ఎక్స్‌పల్స్, వీ-స్ట్రామ్ రెండూ టెస్ట్ రైడు అడుగు. షోరూం చుట్టూ ఒక రౌండు కాదు, ఓర్వకల్లు దాకా పోయిరానివ్వమను. వీ-స్ట్రామ్ మీద ఏబీఎస్ ఆపే వీలుండదు, ఆ తేడా మట్టిలో చూసుకో. తర్వాత నీ బరువు, సామాను బరువు విడివిడిగా తూచి ఇక్కడ రాయి. వెనక స్ప్రింగు ఎంత బిగించాలో, స్ప్రాకెట్ ఎన్ని పళ్లది తెచ్చుకోవాలో ఆ లెక్కను బట్టి చెప్తాను.